చప్పట్లు లేని చోట

మా సండే స్కూల్లో కంఠత వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పిన ప్రతి ఒక్కరికీ చప్పట్లు దొరికేవి. మా టీచరమ్మ కూడా మనస్ఫూర్తిగా కొట్టేవారు, మెచ్చుకోవడంలో ఆవిడ ఏ లోటూ చేయలేదు. కాకపోతే క్లాసు అయిపోయి మేమంతా పుస్తకాలు సర్దుకుంటున్నప్పుడు, ఆ రోజు వాక్యం చెప్పినవాళ్ల పక్కన వచ్చి కూర్చుని మెల్లగా అడిగేవారు. "ఇంటికెళ్లాక గదిలో ఒక్కదానివే ఉన్నప్పుడు ఇదే మాట దేవుడికి చెప్తావా అమ్మా? అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లెవరూ ఉండరు మరి." సరే టీచర్ అని తల ఊపేసి బయటికి పరిగెత్తేవాళ్లం. ఆవిడ ఏం అడుగుతున్నారో అర్థమయ్యే వయసు కాదు. ఆ తర్వాత ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఎన్ని సభలకి వెళ్లానో, వాటిలో చాలా వరకు గాలికి పోయాయి. ఆవిడ అడిగిన మాట ఇప్పటికీ అప్పుడప్పుడు వచ్చి పక్కన కూర్చుంటుంది.

ఈ మధ్య ఆ రోజుల మనుషులంతా బాగా గుర్తొస్తున్నారు. దేవుడు మెచ్చుకుంటే చాలు అన్న మాట అందరం పాటల్లో పాడతాం, ప్రార్థనల్లో అంటాం. దాన్ని రోజూ బతికి చూపించిన కొందరి మధ్య పెరగడం నాకు దొరికిన భాగ్యం. వాళ్ల పేర్లు రాయను. రాస్తే వాళ్లే ముందు వద్దంటారు.

టీచరమ్మ మత్తయి సువార్త 6వ అధ్యాయం చెప్పిన తీరు చూడండి. కథతో మొదలుపెట్టలేదు. బైబిలు తెరిపించి, "వారు తమ ఫలము పొంది యున్నారు" అనే మాట ఎన్నిసార్లు ఉందో వెతకమన్నారు. పేజీ మీద వేళ్లు పెట్టుకుని పోటీపడి వెతికాం. మూడుసార్లు దొరికింది, 2, 5, 16 వచనాల్లో. ధర్మం చేసేటప్పుడు ఒకసారి, ప్రార్థన దగ్గర ఒకసారి, ఉపవాసం దగ్గర ఒకసారి. ఇప్పుడు రహస్యంలో చూసే తండ్రి ఎన్నిసార్లు వస్తాడో చూడమన్నారు. ఆయనా మూడుసార్లే, 4, 6, 18 వచనాల్లో. అప్పుడు ఆవిడ అన్నది నాకు దాదాపు అదే మాటల్లో గుర్తుంది. "యేసుప్రభువు వాళ్లకి జీతం రాదు అనలేదు పిల్లలూ, వచ్చేసింది అన్నాడు. జనం చూడాలని చేశారు, జనం చూశారు, అక్కడికి లెక్క తీరిపోయింది. ఇంక తండ్రి దగ్గర వాళ్లకి రావాల్సింది ఏం మిగిలింది?" మాలో ఒకడు చెయ్యెత్తి, మరి మనం మంచి పని చేస్తుంటే ఎవరైనా పొరపాటున చూసేస్తే దేవుడు ఇంక ఇవ్వడా టీచర్ అని అడిగాడు. క్లాసంతా నవ్వింది, ఆవిడ నవ్వలేదు. మంచి ప్రశ్న అని, ఒక పేజీ వెనక్కి తిప్పించి 5వ అధ్యాయం 16వ వచనం చదివించారు. మనుషులు మీ మంచి పనులు చూసి పరలోకంలో ఉన్న మీ తండ్రిని మహిమపరచాలి అని అదే ప్రభువు అదే కొండ మీద చెప్పిన మాట. "చూడనీ నాయనా, చూస్తే చూడనీ. చూసినవాళ్ల నోట్లో ఎవరి పేరు రావాలని నీ మనసులో ఉంది, అదొక్కటే చూసుకో."

నాన్న చాలా కాలం సంఘానికి ట్రెజరర్‌గా ఉన్నారు. ఆరాధన అయ్యాక కానుకలు లెక్కపెట్టేది ఆయనా, ఇంకో పెద్దాయనా. ఎవరు ఎంత ఇస్తారో ఆయనకి తెలుసు, ఎవరు ఇవ్వరో కూడా తెలుసు. ఇంట్లో ఆ ఊసే ఎత్తేవారు కాదు, అమ్మ అడిగినా సరే. పేరు రాయని కవరు ఒకటి ప్రతి నెలా పెట్టెలో ఉండేదట, దాని గురించి మాత్రం ఎప్పుడో మాటల్లో చెప్పారు. ఎవరిదో తనకి తెలియదని, తెలుసుకోవాలని కూడా లేదని. "తెలిస్తే ఆయన కనపడినప్పుడల్లా నేను కొంచెం ఎక్కువ వంగి నమస్కారం పెడతాను. ఆయన ఇచ్చింది నా నమస్కారం కోసం కాదు కదా" అన్నారు.

ఇంటి ప్రార్థనలో అపొస్తలుల కార్యములు చదివేటప్పుడు నాన్నకి ఒక పట్టుదల ఉండేది. 4వ అధ్యాయం చివర బర్నబా తన భూమి అమ్మి ఆ డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెడతాడు, అక్కడితో అధ్యాయం అయిపోతుంది. 5వ అధ్యాయం మొదటి వచనంలోనే అననీయ, సప్పీరా వచ్చేస్తారు, పొలం అమ్మి అందులో కొంత దాచుకుని, తెచ్చిందే మొత్తం అన్నట్టు చూపించి, ఆ రోజే చనిపోయిన భార్యాభర్తలు. ఆ రెంటినీ వేరే వేరే రోజుల్లో చదవనిచ్చేవారు కాదు, కలిపి చదవాల్సిందే. అననీయ చేసిన తప్పు తక్కువ ఇవ్వడం అని నేను అనుకునేదాన్ని, చాలామంది పిల్లల్లాగే. నాన్న పేతురు మాటలు మళ్లీ చదివించారు. అమ్మకముందు అది నీదే, అమ్మాక కూడా అది నీ వశంలోనే ఉంది కదా అంటాడు పేతురు. అంటే అమ్మమని ఎవరూ అడగలేదు, అంతా ఇమ్మని కూడా ఎవరూ అడగలేదు. సగం ఇచ్చి, ఇది సగమండీ అని చెప్పి ఉంటే ఆ రోజు వాళ్లు హాయిగా ఇంటికి వెళ్లేవాళ్లు. "బర్నబాకి వచ్చిన పేరు కావాలి, బర్నబా పెట్టిన ఖర్చు మాత్రం వద్దు. అక్కడ పడ్డారమ్మా వాళ్లు" అన్నారు నాన్న. ఆ మాటకి ఆ రాత్రి నాకు నిజంగా భయం వేసింది. పెద్దయ్యాక ఆలోచిస్తే, డబ్బు కంటే కూడా భక్తి విషయంలోనే ఈ బేరం ఎక్కువగా జరుగుతుందనిపిస్తుంది. ప్రార్థనాపరురాలు అన్న పేరు కావాలి, ఆ పేరు వెనకాల ఉండే ఒంటరి గంటలు వద్దు. బైబిలు బాగా తెలిసినవాడు అనిపించుకోవాలి, తెల్లవారుజామున ఒక్కడే కూర్చుని చదువుకునే ఓపిక వద్దు.

క్వైర్ అన్న గురించి రాయకపోతే ఇది పూర్తి కాదు. మా క్వైర్‌కి ఆయనే నేర్పేవారు, ఆయన గొంతు వింటే చర్చి బయట నిలబడ్డవాళ్లు కూడా లోపలికి వచ్చేవాళ్లు. క్రిస్మస్ కార్యక్రమంలో సోలో పాడేవాళ్ల పేర్లు ముందుగా మైకులో చెప్పడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. పాట పేరు చెప్పండి చాలు అనేవారు. తన పాటల నోటుబుక్కులో ప్రతి పాట కింద చిన్న అక్షరాలతో "దేవునికే మహిమ" అని రాసుకునేవారు. ఎందుకన్నా అని అడిగితే బాక్ గురించి చెప్పారు. యోహాన్ సెబాస్టియన్ బాక్, 1685లో పుట్టి 1750లో చనిపోయిన ఆ సంగీతకారుడు, తన స్వరరచనల్లో చాలావాటి మొదట జె.జె. అని రాసేవాడట, యేసూ సహాయం చెయ్యి అని. చివర ఎస్.డి.జి. అని, మహిమ దేవునికి మాత్రమే అని. బతికున్నన్నాళ్లూ ఆయన్ని ఆర్గాన్ బాగా వాయించేవాడిగానే జనం ఎక్కువగా ఎరుగుదురు. 1829లో మెండెల్సన్ అనే సంగీతకారుడు ఆయన పెద్ద రచన ఒకటి బెర్లిన్‌లో మళ్లీ పాడించాక గానీ ఆ పేరు లోకంలో గట్టిగా మోగలేదు. "ఆ మోత ఆయన వినలేదు. వినకపోయినా ఆయనకి పోయిందేమీ లేదు, ఎందుకంటే ఎవరికి చూపించాలని రాశాడో ఆయన ఎప్పుడో చూసేశాడు" అనేవారు అన్న.

మా క్వైర్‌లో ఒక అమ్మాయికి ఆయన తర్వాత అంత గొంతు. ఒక కార్యక్రమంలో పాడిన తర్వాత అందరూ చుట్టుముట్టి ఆకాశానికెత్తేశారు. తర్వాతి కార్యక్రమం వచ్చేసరికి ఆ పిల్లకి ఒకటే టెన్షన్, చేతులు చల్లబడిపోయాయి, ఇంతకుముందు లేని వణుకు. అన్న ఆ పిల్లని పక్కకి పిలిచి అన్నారు, "పొగడ్త చెవిలో నీళ్లు దూరడం లాంటిదమ్మా, అది ఉన్నంతసేపూ ఇంకేదీ సరిగా వినపడదు. పోయినసారి నువ్వు ఎవరి కోసం పాడావో ఈసారీ ఆయనే వింటున్నాడు. కొత్తవాళ్లెవరూ రాలేదు." ఆ పక్కనే ఉండి విన్నాను కాబట్టి చెప్తున్నాను, ఆ పిల్ల ముఖంలో రంగు తిరిగి రావడం నా కళ్లతో చూశాను. మనుషులకి భయపడటం ఉరి అని సామెతలు 29:25లో ఉంది. ఉరి అంటే తిట్టేవాళ్ల వల్లే అనుకుంటాం, మెచ్చుకునేవాళ్ల చేతిలో కూడా అదే తాడు ఉంటుందని నాకు అక్కడ తెలిసింది. ఎందుకంటే ఒకసారి మెచ్చుకున్నవాళ్లు రెండోసారి మెచ్చుకోకపోతే ఎలా అన్న భయం వెంటనే మొదలవుతుంది కదా.

కొన్నేళ్లకి అన్నకి గొంతు జబ్బు చేసింది. నయమైంది గానీ పాడే గొంతు మళ్లీ రాలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడికి క్వైర్ అప్పగించారు. చాలామంది ఆయన ఇంక ముందు వరసలో కూర్చోలేరేమో, అసలు చర్చికే రావడం తగ్గిస్తారేమో అనుకున్నారు. మరుసటి ఆదివారం అందరికంటే ముందు వచ్చి కుర్చీల మీద పాటల పుస్తకాలు పెడుతూ కనపడ్డారు. పాడేటప్పుడు మిగతా జనంతో కలిసి ఆ బొంగురు గొంతుతోనే పాడారు. జాలిపడి పలకరించడానికి వచ్చినవాళ్లని ఆయనే నవ్వుతూ పలకరించి పంపించారు. గొప్ప గొంతుతో పాడిన రోజుల్లో ఎలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారు, ముఖంలో ఏదో పోగొట్టుకున్న గుర్తు లేదు. దేవుని కోసమే పాడుతున్నాను అని నోటితో ఎవరైనా అనొచ్చు. అది నిజమో కాదో తేలేది పాట పోయినప్పుడు.

మా చర్చి పాస్టరు అయ్యగారి గురించి కూడా కొంచెం. ఒక ఆదివారం ఆయన యోహాను సువార్త 12వ అధ్యాయం 42, 43 వచనాల మీద మాట్లాడారు. అధికారుల్లో కూడా చాలామంది యేసుని నమ్మారు, కానీ సమాజమందిరంలోంచి వెలివేస్తారని పరిసయ్యులకి భయపడి బయటికి ఒప్పుకోలేదు, "వారు దేవుని మెప్పుకంటె మనుష్యుల మెప్పును ఎక్కువగా అపేక్షించిరి." నమ్మనివాళ్ల గురించి కాదు ఇక్కడ రాసింది, నమ్మినవాళ్ల గురించి, అని ఆగి జనం వైపు చూశారు. తర్వాత సంఘంలో అప్పట్లో నడుస్తున్న ఒక అన్యాయం గురించి, ఎవరి పేరూ ఎత్తకుండా, కానీ అందరికీ అర్థమయ్యేలా మాట్లాడారు. పెద్దల్లో కొందరికి కోపం వచ్చింది. ముందు వారం వరకు గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని ఊపేసినవాళ్లు పక్కనుంచి వెళ్లిపోయారు. నాన్న ఆ సాయంత్రం వెళ్లి పలకరిస్తే అయ్యగారు లుస్త్ర అనే ఊరి సంగతి చెప్పారట. కార్యములు 14లో, కుంటివాడు లేచి నడవగానే జనం బర్నబాని ద్యుపతి అని, పౌలుని హెర్మే అని దేవుళ్లని చేసేశారు, బలులు ఇవ్వబోయారు. అదే అధ్యాయంలో కొన్ని వచనాల తర్వాత అదే ఊళ్లో పౌలుని రాళ్లతో కొట్టి చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు. "పూలదండలు తెచ్చిన చేతులకి రాళ్లు పట్టుకోవడానికి ఎంతసేపు పట్టింది? పౌలు దండలు వచ్చినప్పుడే బట్టలు చింపుకున్నాడు కాబట్టి, రాళ్లు పడ్డాక లేచి మళ్లీ అదే ఊళ్లోకి నడవగలిగాడు" అన్నారట.

ఆ ప్రసంగంలో చివరి భాగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు గానీ నాకు అదే బాగా నచ్చింది. భయపడి దాక్కున్న ఆ అధికారుల కథ 12వ అధ్యాయంతో అయిపోలేదన్నారు అయ్యగారు. 19వ అధ్యాయంలో అరిమతయియ యోసేపు వస్తాడు, యూదుల భయం వల్ల రహస్యంగా శిష్యుడిగా ఉన్నవాడు, పిలాతు దగ్గరికి వెళ్లి యేసు దేహాన్ని అడుగుతాడు. ఎప్పుడో రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చిన నికొదేము ఈసారి బోళం, అగరు పట్టుకుని వస్తాడు. మెచ్చుకోవడానికి ఎవరూ లేని సమయం అది, సిలువ వేయబడిన మనిషి వైపు నిలబడితే వచ్చే లాభం సున్నా. శిష్యుల్లో చాలామంది చెల్లాచెదురైపోయారు. ఆ ఇద్దరికీ భయం పోయింది. దేవుడు ఎవరినీ 12వ అధ్యాయంలో వదిలేయడు అని అయ్యగారు అన్నప్పుడు నా వెనక వరసలో ఎవరో గట్టిగా ఆమేన్ అన్నారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. నేను కాలేజీలో ఉన్నప్పుడు యువజనుల కూడిక ఒకటి జరిగింది. దాని వెనకాల నేను చాలా రాత్రులు కూర్చుని పనిచేశాను. ఆ రోజు స్టేజీ మీద కృతజ్ఞతలు చెప్పేటప్పుడు నేను చేసిన పనికి ఇంకొకరి పేరు చదివారు. కావాలని చేసింది కాదు, కానీ నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. టీచరమ్మ అప్పటికి బాగా పెద్దవారైపోయారు, కర్ర పట్టుకుని నడిచేవారు. నన్ను చూసి, ఏమైందని అడగలేదు, పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను చెప్పిందంతా విన్నారు. దేవుడు చూశాడులే అని వెంటనే ఓదార్చి పంపేస్తారనుకున్నాను. ఆవిడ అలా అనలేదు. మాటల్లోనే యొర్దాను నది దగ్గరికి తీసుకెళ్లారు.

"యేసుప్రభువు బాప్తిస్మం తీసుకుని నీళ్లలోంచి వచ్చినప్పుడు ఆకాశంలోంచి ఏం వినపడింది?" అన్నారు. ఈయనే నా ప్రియకుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను, అని చెప్పాను. "అప్పటికి ఆయన ఎన్ని అద్భుతాలు చేశాడమ్మా?" ఒక్కటి కూడా లేదు. "ఎంతమంది శిష్యులు?" ఎవరూ లేరు. "కొండ మీద ప్రసంగం?" ఇంకా లేదు. లూకా అప్పటికి ఆయనకి దాదాపు 30 ఏళ్లు అని రాశాడు. ఆ 30 ఏళ్లలో 12 ఏళ్ల వయసులో దేవాలయంలో కూర్చున్న సంగతి తప్పితే పెరిగి పెద్దవాడైన సంవత్సరాల గురించి సువార్తల్లో దాదాపు ఏమీ లేదు. ఎవరూ చూడని, ఎవరూ రాసిపెట్టని సంవత్సరాలు. వాటి చివర తండ్రి నోటి నుంచి వచ్చిన మాట, ఆనందిస్తున్నాను అని. "నువ్వు ఆయన మెప్పు సంపాదించుకోవాలని చూస్తున్నావు తల్లీ. జనం మెప్పు బదులు దేవుడి మెప్పు అని దుకాణం మార్చావు, బేరం మాత్రం మారలేదు. క్రీస్తులో ఉన్న బిడ్డని చూసి తండ్రి ముందే ఆనందించాడు. పని ఆ తర్వాతది."

అంతటితో ఆపలేదు ఆవిడ. ఆ వెంటనే ఆత్మ ఆయన్ని అరణ్యంలోకి తీసుకెళ్లిందని, అక్కడ శోధకుడైన సాతాను అడిగిన మొదటి మాట చూడమన్నారు. "నీవు దేవుని కుమారుడవైతే." తండ్రి చెప్పిన మాట మీదే దెబ్బ. రాళ్లని రొట్టెలు చేసి చూపించు, దేవాలయ శిఖరం మీంచి దూకి చూపించు. ఋజువు చేసుకో అని. ప్రభువు దేన్నీ ఋజువు చేసుకోలేదు, ఎందుకంటే ఆయనకి ఆ మాట ముందే అందింది. తర్వాత నజరేతులో అందరూ ఆయన నోటి దయగల మాటలకి ఆశ్చర్యపడ్డారు, అది లూకా 4:22. ఏడు వచనాల తర్వాత అదే జనం ఆయన్ని కొండ మీంచి తోసేయడానికి తీసుకెళ్లారు. ఆయన వాళ్ల మధ్యలోంచి దాటి తన దారిన వెళ్లిపోయాడు. "పొగిడినప్పుడు ఉబ్బలేదు, తోసినప్పుడు కుంగలేదు. యొర్దాను దగ్గర విన్నది అంత లోపల ఉంది ఆయనకి."

ఆ సాయంత్రం నాలో ఏదో సర్దుకుంది. అప్పటిదాకా దేవుని మెప్పు అంటే చివర్లో, అంతా అయిపోయాక, "భళా, నమ్మకమైన మంచి దాసుడా" అని వినే మాట మాత్రమే అనుకునేదాన్ని. అది నిజమే, ఆ మాట వినాలని నాకు ఇప్పటికీ ఎంతో ఆశ. కానీ ఆ చివరి మాట కోసం పరిగెత్తే బలం మొదట విన్న మాటలోంచి వస్తుందని టీచరమ్మ చెప్పకపోతే నేను ఎప్పటికీ అలసిపోతూనే ఉండేదాన్నేమో.

అమ్మ గురించి రెండు మాటలే. నానమ్మ మంచం పట్టిన రోజుల్లో అమ్మ చేసిన సేవ మా ఇంటి గోడలు తప్ప ఎవరూ చూడలేదు. ఆఖరికి నానమ్మకి కూడా తెలివి లేదు, కృతజ్ఞత చెప్పే స్థితి కాదు. అమ్మ కొలొస్సయులకు రాసిన పత్రిక 3:23 కాగితం మీద రాసి ఆ గదిలో అంటించుకుంది, మీరేమి చేసినా అది మనుష్యుల కోసం కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయండి అని. ఆ వచనం పౌలు ఎవరికి రాశాడో పై వచనం చూస్తే తెలుస్తుంది. దాసులకి. ఎంత చాకిరీ చేసినా బాగా చేశావు అని ఒక్కరూ అనని మనుషులకి రాసిన మాట అది. 17వ శతాబ్దంలో పారిస్‌లో ఒక మఠం వంటగదిలో పనిచేసిన బ్రదర్ లారెన్స్ గురించి తర్వాత ఎప్పుడో చదివాను, గిన్నెల మోతలో కూడా ఆయన మోకాళ్ల మీద ఉన్నంత ప్రశాంతంగా దేవునితో ఉండేవాడని. చదువుతుంటే ఆ గదిలో అమ్మే కనపడింది.

ఇప్పటి సంగతికొస్తే, సాయం చేసిన చెయ్యి కంటే ముందు ఫోన్ వెళ్తోంది. ఇచ్చేవాళ్ల ముఖం, తీసుకునేవాళ్ల ముఖం రెండూ ఫ్రేములో పడాలి. తీసుకునేవాళ్ల తలవంపు ఎవరికీ పట్టదు, నాకు అది చూస్తే చాలా బాధగా ఉంటుంది. ప్రార్థిస్తున్న ఫోటో, బైబిలు చదువుతున్న ఫోటో. సేవకి జనం తెలియడం అవసరమైన సందర్భాలు ఉంటాయి, కాదనను. కానీ ఎంతమంది చూశారో చూసుకునే అలవాటు ఒక్కసారి పట్టిందంటే, చూసేవాళ్లు లేని పనిని మనం మెల్లమెల్లగా మానేస్తాం. తలుపు వేసుకుని చేసే ప్రార్థన ముందు పోతుంది. ప్రభువు యోహాను 5:44లో అడిగింది ఇదే కదా, ఒకరి వల్ల ఒకరు మెప్పు పొందుతూ దేవుని మెప్పు కోరని మీరు ఎలా నమ్మగలరు అని. ఎలా నమ్మగలరు అన్నాడు. ఈ ఆకలి చివరికి విశ్వాసం వేళ్ల దాకా వెళ్తుందన్నమాట.

ఇంకో వైపు కూడా గొయ్యి ఉంది. నాకు ఎవరి మెప్పూ అక్కర్లేదు అని గట్టిగా చెప్పుకుని తిరిగేవాళ్లు, ఒక మంచి మాట ఎవరైనా అంటే విసుక్కునేవాళ్లు. క్రీ.శ. 354 నుంచి 430 వరకు జీవించిన క్రైస్తవ బోధకుడు అగస్టీన్ దీని గురించి ఎంత లోతుగా రాశాడో. మనుషుల నాలుకే మనకి రోజూ కాలే కొలిమి అన్నాడు, పొగడ్తని అసహ్యించుకుంటున్నానన్న గర్వంతో మనిషి ఇంకా ఎక్కువ పొంగిపోవచ్చని కూడా అన్నాడు. "తాను పొందిన కీర్తిచేత మనుష్యుని పరిశోధింపవచ్చును" అని సామెతలు 27:21లో ఉన్నది కూడా కొలిమి మాటే. టీచరమ్మ పిల్లలకి చప్పట్లు కొట్టడం మానలేదని మొదట్లోనే అందుకే రాశాను. మనుష్యులను సంతోషపెట్టేవాడినైతే క్రీస్తు దాసుడిని కానే కాను అని గలతీయులకి రాసిన పౌలే రోమా పత్రిక 16వ అధ్యాయంలో వరసపెట్టి పేర్లు రాశాడు. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, ప్రభువులో బహుగా ప్రయాసపడిన పెర్సిసు. మెప్పు కోసం చెయ్యి చాపనివాడికే ఇంకొకరిని మనసారా మెచ్చుకోవడం వస్తుందేమో, తన వాటా తగ్గిపోతుందన్న బెంగ ఉండదు కాబట్టి.

టీచరమ్మ, అయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఇది రాయడం మొదలుపెట్టాక క్వైర్ అన్నకి ఫోన్ చేశాను. ఆయన వల్ల నేను ఏం నేర్చుకున్నానో నోటితో చెప్పాలనిపించింది, చెప్పాను. మధ్యలో అడ్డుపడకుండా మొత్తం విన్నారు. "చాలా సంతోషం తల్లీ, దేవునికి స్తోత్రం" అన్నారు ఆ బొంగురు గొంతుతో, వెంటనే, "మీ చర్చి క్వైర్‌లో ఆల్టో ఎంతమంది ఉన్నారు?" అని అడిగారు. ఆల్టో అంటే మెయిన్ ట్యూన్ కింద కలిపి పాడే తక్కువ స్వరం. దానికి ఎప్పుడూ మనుషులు దొరకరన్నా, అందరికీ మెయిన్ ట్యూనే కావాలి అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, కొత్తవాళ్లకి ఆల్టో ఎలా నేర్పితే త్వరగా పట్టుకుంటారో చెప్పడం మొదలుపెట్టారు. పెన్ను తెచ్చుకుని రాసుకున్నాను.